అన్నం ముందు పిలుపు

కంపెనీ బస్సు దిగి సందులోకి తిరిగేసరికి లుయెన్‌కు ఒళ్ళంతా చెమట. చేతిసంచిలో తూటికూర కట్ట, దాని పక్కన కూతురి కోసం కొన్న బలం మందు సీసా. ఎనిమిదేళ్ళ బోంగ్ ఈ మధ్య అన్నం సరిగ్గా తినడం లేదు. సగం గిన్నెకే కడుపు నిండిందంటుంది. మొగుడు దొయాన్‌దీ అదే వరస. పనిచేసే గోదాములో ఉక్కకు ఆకలి చచ్చిపోతోందంటాడు. తన చేతివంటే రుచి తప్పిందేమోనని లుయెన్ చేపల కూరలో ఒకరోజు అల్లం పెంచింది, ఒకరోజు చక్కెర తగ్గించింది. ఏం చేసినా గిన్నెలో కూర గిన్నెలోనే ఉంటోంది.

ఈ రాత్రి అన్నం కోసం ఆమె వదులుకున్నది చిన్నదేమీ కాదు. ఫోన్ కెమెరాలు బిగించే ఫ్యాక్టరీలో పోయినేడాది ఆమెను లైన్ లీడర్‌ను చేస్తామన్నారు. ఒప్పుకుంటే రోజూ ఓవర్‌టైం. అప్పుడు దొయాన్ పక్కన కూర్చుని, ముగ్గురం కలిసి తినకపోతే ఇది అద్దెగదే గాని ఇల్లెలా అవుతుందని బతిమాలాడు. ఆ మాట ఆమె మనసుకు పట్టింది. వద్దని చెప్పేసింది. తన తర్వాత పనిలో చేరిన పిల్ల ఇప్పుడు తన మీద లీడర్. లుయెన్ సాయంత్రం సీట్లోంచి లేస్తే చాలు, అక్క వంట డ్యూటీకి బయల్దేరిందర్రా అని అందరినీ నవ్విస్తుంది. ఇవాళ మేనేజర్ మళ్ళీ పిలిచాడు. ఇంకో లైన్ ఖాళీ అయిందట, రేపు జవాబు చెప్పాలట. ఈసారీ వద్దనే చెబుదామనుకుంటూ వచ్చింది.

దొయాన్ అక్క హాన్ సందు మొదట్లోనే ఒంటరిగా ఉంటుంది. గుమ్మం ముందు గిన్నెలు తోముతూ మరదలిని చూసి, "ఇప్పుడా రావడం? మీవాళ్ళు నిన్ను కూడా ఫోన్లో పెట్టి బిగించేశారనుకున్నా" అంది. లుయెన్ నవ్వేసి ముందుకు నడిచింది. ఒక్క మనిషికి అన్ని గిన్నెలెందుకని అప్పుడామెకు తోచలేదు.

ఇంట్లో దొయాన్ అన్నం వండి చాప పరిచి ఉంచాడు. ఆమె పొద్దున చేసిపెట్టిన చేపల కూర వెచ్చబెట్టి, తూటికూర ఉడికించి, గుండ్రటి పళ్లెం మధ్యలో చేప సాస్ గిన్నె పెట్టింది. కుండ పక్కన కూర్చుని ముగ్గురికీ వడ్డించింది. ఇక తినమని పెద్దవాళ్ళను వరసగా పిలవడం బోంగ్ వంతు. ఆ పిలుపు కాకుండా ఎవరూ అన్నం తినే పుల్లలు ముట్టరు. మాటలు వచ్చినప్పటి నుంచీ ఉన్న అలవాటు కాబట్టి ఆ పిల్ల గిన్నె రెండు చేతులా పట్టుకుని, కళ్ళు టీవీ మీద పెట్టి గడగడా అనేసింది.

"అత్తా, అన్నం తినండి. నాన్నా, అన్నం తినండి."

అంతే. అక్కడితో ఆపి పుల్లలు తీసుకుంది.

దొయాన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బోంగ్ తండ్రి మొహం చూసి, తర్వాత తల్లిని చూసి, "అమ్మా" అని గొణిగింది.

లుయెన్ గిన్నె కింద పెట్టింది. గొంతు పెంచకుండానే, అత్త ఇవాళ ఏం వండిందని కూతుర్ని అడిగింది.

"టోఫు, టమాటా." బోంగ్ తల వంచుకుంది. "ఇక్కడ సగం గిన్నె తినమన్నాడు నాన్న. నువ్వు చూసేట్టు."

దొయాన్ మెల్లగా చెప్పుకొచ్చాడు. బడి నుంచి వచ్చాక పిల్ల ఆకలికి ఆగలేకపోతోందట. అక్క పిలిస్తే కాదనలేకపోయాడట. బడులు తెరిచినప్పటి నుంచీ అంతేనట. తెలిస్తే బాధపడుతుందని చెప్పలేదట.

బడులు తెరిచి ఎన్ని నెలలైందో లుయెన్ లెక్క వేసుకోలేదు. బస్సు దిగి ఇంటికి పరుగెత్తిన సాయంత్రాలు, లైన్‌లో నవ్వులు, బలం మందు సీసాలు ఒక్కొక్కటే కళ్ళ ముందుకొచ్చాయి. వీళ్ళిద్దరూ నిండిన కడుపులతో తనకెదురుగా కూర్చుని నమిలారు. అమ్మకు చెప్పొద్దని అక్కాతమ్ముళ్ళు పిల్లకు నేర్పారు. గిన్నెలు తోముతూ హాన్ కూడా తనతో హాస్యాలాడింది.

"ఆ లీడర్ పని వద్దని చెప్పమన్నది ఎవరు, బోంగ్ నాన్నా?"

"అప్పుడు నిజంగానే అన్నాను."

"తర్వాతైనా చెప్పొచ్చుగా, ఇక అవసరం లేదని."

అతను చేపముక్క ఒకటి తీసి ఆమె గిన్నెలో వేశాడు. ఆమె దాన్ని పుల్లలతో ఎత్తి మళ్ళీ కూరలో పెట్టేసింది.

బోంగ్ గిన్నె రెండు చేతులా పట్టుకుని, ఈసారి టీవీ వైపు చూడకుండా, "అమ్మా, అన్నం తినండి" అంది. దానికి తల్లి, నువ్వూ తిను బోంగ్ అనాలి. లుయెన్‌కు ఆ మాట రాలేదు.

"నీ కడుపు నిండిందిగా. లేచి హోంవర్క్ చేసుకో."

తను మాత్రం ఒక్కతే కూర్చుని, ఆకలి లేకపోయినా, వడ్డించుకున్నదంతా తింది.

మర్నాడు మేనేజర్‌కు సరేనంది. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఓవర్‌టైం వాళ్ళంతా ఎవరి పళ్లెం వాళ్ళు ముందేసుకుని, ఎవరినీ పిలవకుండా తినేస్తున్నారు. లుయెన్ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది. ఎదురుగా ఉన్న కొత్త పిల్ల నోట్లో ముద్దతోనే అడిగింది, "ఎవరికోసం ఆగారక్కా?"

లుయెన్ తల అడ్డంగా ఊపి పుల్లలు అందుకుంది. అన్నం వేడిగానే ఉంది.