తవిటయ్యకు వచ్చిన ఆట

పొద్దుటినించి రాజులమ్మ బిడ్డ ముందునుంచి లేవలేదు. తవిటయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు, కూర్చోబెట్టిన చోటే, కూర్చోబెట్టిన తీరుగానే. నడిచే వయసు దాటిపోతోంది. ఇంతవరకు చప్పట్లు కొట్టలేదు, ఎవరినీ చూసి నవ్వలేదు.

ఎండిన ఆనపబుర్రలో చింతగింజలు పోసి గలగలలాడించింది. వాడి కళ్ళు బుర్ర మీదికి పోయి, అక్కణ్ణించి ఆమె ముఖం మీదికి వచ్చి, తప్పు చేసినట్టు దిగిపోయాయి.

"రేపు తెల్లారే బండి కడతాను," అన్నాడు వరహాలరావు గుమ్మంలోంచి. ఆమె భర్త అతను, ఘాటీ రోడ్డు మేస్త్రీ. మన్యంలో పితూరీ అణిగాక మొదలైన రోడ్డు పని ముగిసింది. ఇక కొండ దిగి సొంతూరు చేరాలి. "ఈడ్ని ఎర్రమ్మకాడే వొగ్గేద్దాం. కొన్నది అదే కదా. ఈ మొద్దుని సూత్తే మాయమ్మ గుమ్మం తొక్కనీదు."

"సందేల దాకా ఆగు మావా. ఒకపాలి నవ్వితే?"

"నవ్వితే ఘాటీ అంతా నానే సంకనెత్తుకుని దిగుతాను."

ఎత్తిపొడుపే. కాని వెళ్ళబోతూ ఆగి బిడ్డ ముఖంలోకి చూశాడు.

మొదటి ఇద్దరినీ మన్యం జ్వరం తీసుకుపోయింది. వాళ్ళను ఆమె ఎంత ఆడించేదో! రెండోది దోబూచికి కిలకిలా నవ్విన సాయంత్రమే ఒళ్ళు కాగింది. ఆ నవ్వు విని, బిడ్డను ఎత్తుకుపోయేదేదో దారి పట్టుకుని వచ్చిందన్న తలపు రాజులమ్మ లోపల గడ్డకట్టింది. అందుకే మూడోవాడు పుట్టగానే చేటలో వేసి పొరుగు గుడిసెలోని కొండదొరల తెగ మనిషి ఎర్రమ్మకు అమ్మింది. ఎర్రమ్మ దోసెడు తవుడు పోసి కొనుక్కుంది. "నా బిడ్డని పెంచిపెట్టు" అని మళ్ళీ రాజులమ్మ చేతికే ఇచ్చింది. పిల్లలు దక్కని ఇళ్ళలో అలాగే చేస్తారు, తవిటయ్య అని పేరు పెడతారు. ఆచారం అడిగింది అంతే. మిగతాది ఆమె భయం అడిగింది. పాలిచ్చింది, తుడిచింది, నిద్రపుచ్చింది. ఆడించలేదు.

మధ్యాహ్నం ఎర్రమ్మ వచ్చి తొంగిచూసింది.

"ఏటే సెల్లీ, నా కొడుకు నవ్వకపోతే నువ్వేడుత్తావేటి? దోసెడు తవుడు పోసింది నాను!" అంటూ వాణ్ణి పాదాల మీద కూర్చోబెట్టుకుని ఊపింది. "అమ్మో, మునసబుగోరిలాగ సూత్తన్నాడే!"

తనే నవ్వింది. వాడు నవ్వలేదు. ఎర్రమ్మ నవ్వు కూడా ఆగిపోయింది. బిడ్డను దించి, రాజులమ్మ వైపు చూడకుండా వెళ్ళిపోయింది.

రాజులమ్మ వాడి అరచేతిలో పప్పు కలిపింది, కూర కలిపింది, ముద్దలు పంచింది, వేళ్ళతో మోచేతి మీదుగా చంక దాకా నడిచింది. చక్కిలిగిలికి వాడి ఒళ్ళు ముడుచుకుంది. పెదవులు విడలేదు. వాడి తలమీద కొంగు కప్పి "బూచీ!" అని లాగింది. కొంగు కింద వాడు ఊపిరి బిగబట్టి ఉన్నాడు. మళ్ళీ కప్పింది. మళ్ళీ అంతే. తీసేవరకూ రాయిలా ఉన్నాడు.

పొద్దు కొండ వెనక్కి జారింది. బయట వరహాలరావు సామాను మూటలు కడుతున్న చప్పుడు.

"నవ్వరా," అంది. "నవ్వరా గుంటడా!" భుజాలు పట్టుకుని కుదిపింది. తన చేతులకు తానే జడిసి వదిలేసింది. అమ్మ నవ్వంటే ఏమిటో వాడు ఎన్నడైనా చూస్తే కదా! నోరు తెరిచి, ఉన్న బలమంతా పెట్టి నవ్వింది. నవ్వు తన చెవులకే ఏడుపులా వినబడింది, అయినా ఆపలేదు.

తవిటయ్య కదిలాడు. నేలమీద చేతులానించి పాకి ఆమె ఒడిలోకి ఎక్కాడు. కనుబొమలు ముడిచి, చిన్న అరచెయ్యి ఆమె నోటిమీద పెట్టి గట్టిగా నొక్కాడు. భయంగా గుమ్మం వైపు చూశాడు.

రాజులమ్మ ఆ చేతిని గుర్తుపట్టింది. వాడు ఊఁ అన్నా, కేరబోయినా, తను ఠక్కున వాడి నోటిమీద పెట్టిన చెయ్యి అది. అప్పుడు తను చూసింది కూడా గుమ్మం వైపే.

వరహాలరావు పరుగెత్తుకొచ్చాడు. అతని ముఖంలో ఆశ. "నవ్వింది ఈడేనా?"

అవునని తల ఊపితే చాలు. రాజులమ్మ ఆ చేతిని మెల్లగా పక్కకు తప్పించింది.

"నాను మావా. ఈడికి నోరు మూయడం ఒక్కటే నేర్పినాను. నువ్వెల్లు. నాను రాను, ఈడికి..."

చెయ్యి మళ్ళీ వచ్చి ఆమె నోరు మూసింది.