బీరువాలో ఉన్న చెత్తబుట్ట

అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టెను నేను. హార్డ్ డిస్క్ అంటారు నన్ను. ఏ దేశంలో పుట్టానో నా వీపు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది గానీ, దాన్ని ఇంతవరకూ ఎవరూ చదవలేదు. కాకినాడలో ఒక దుకాణం అద్దాల వెనక కొన్నాళ్లు కూర్చున్నాను. అక్కడినుంచి కొండబాబు నన్ను మండపేట తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, బల్ల మీద పెట్టుకున్నాడు. బొట్టు పెట్టిన చోటే వైరు గుచ్చే రంధ్రం ఉంది. అతని భార్య సత్యవేణి అగ్గిపుల్లతో ఆ కుంకుమంతా తీసేదాకా నేను పనిచెయ్యలేదు.

వాళ్లది మైకుల దుకాణం. పెళ్లిళ్లకూ జాతరలకూ మైకులు అద్దెకిస్తారు. వెనక గదిలో కేకలు రికార్డు చేస్తారు. బళ్ల మీద తిరిగే ఉల్లిపాయలవాళ్లు, ఉప్పువాళ్లు, పాత ఇనుము కొనేవాళ్లు ఇప్పుడు గొంతు చించుకోవడం లేదు. ఒకసారి ఇక్కడికొచ్చి అరిచి వెళ్తే, ఆ తర్వాత బండికి కట్టిన స్పీకరే రోజంతా అరుస్తుంది. ఆ అరుపులన్నీ నా కడుపులో చేరాయి. వీధిలో ఒకరి మీదొకరు అరుచుకునే ఉల్లిపాయలూ ఉప్పూ నాలో మాత్రం పక్కపక్కనే చప్పుడు చెయ్యకుండా పడుకున్నాయి.

నా గురించి మనుషులకు తెలియని సంగతి ఒకటుంది. నాలోంచి దేన్నైనా తీసేస్తే అది వెంటనే పోదు. నాలోనే ఒక మూల, మామూలుగా కంటికి కనబడని చెత్తబుట్టలో పడుతుంది. నేను ఎక్కడికెళ్తే ఆ బుట్ట అక్కడికి వస్తుంది. పెన్‌డ్రైవ్‌లకు ఆ భాగ్యం లేదు. వాటిలో తీసేస్తే తీసేసినట్టే. కొండబాబు మాత్రం చెత్తబుట్టంటే కంప్యూటర్ తెర మీద కనబడే ఆ బొమ్మేననుకున్నాడు.

శుక్రవారం పూట అతను దుకాణం కడిగి సాంబ్రాణి వేస్తాడు. పొగ తగిలితే పాడైపోతానని ముందే నన్ను ఊడదీసి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. అప్పుడు నింపాదిగా కూర్చుని తెర మీది చెత్తబుట్ట ఖాళీ చేస్తాడు. నా బుట్ట నాతోపాటు బీరువాలో భద్రంగా ఉంటుంది.

"ఎంత తీసేసినా చోటు మిగలట్లేదే సత్యా. ఆ కాకినాడోడు దొంగ సరుకు అంటగట్టేడు," అనేవాడు.

"మీకు అంటగట్టనోడెవడు చెప్పండి," అనేది సత్యవేణి.

ఎండుచేపలమ్మే పేరంటాలు ఒక మధ్యాహ్నం కేక రికార్డు చేయించుకోవడానికి వచ్చింది. అప్పటిదాకా బుట్ట నెత్తిన పెట్టుకుని తిరిగేది. భర్త లోవరాజు కొత్తగా మోపెడ్ కొన్నాడు. ఆమె గొంతు ధాటికి సత్యవేణి మైకును గుమ్మందాకా జరపాల్సొచ్చింది. "నెత్తళ్లో... ఎండు నెత్తళ్లు..." అని పిలిచాక, మైకు ఇంకా వింటోందని తెలియక ఆమె ఏదో మాట్లాడి నవ్వింది. సత్యవేణి ఆ మాటలు కత్తిరించి, కేకను మాత్రం నాలో ఉంచకుండా నేరుగా లోవరాజు పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. కత్తిరించని అసలు రికార్డు ఇంకెందుకులే అని నాలోంచి తీసేసింది. అది నా బుట్టలో పడింది.

కొంతకాలానికి పేరంటాలు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. పెదాలు కదిలితే గాలి వస్తుంది, అంతే. మోపెడ్ మాత్రం ఆమె గొంతుతోనే ఊరంతా తిరుగుతూ వచ్చింది. ఆ పిలుపు వినబడితే ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు.

ఒక శుక్రవారం, నేను బీరువాలో ఉండగా, మొగుడూ పెళ్లాలిద్దరూ దుకాణానికి వచ్చారు.

"బాబుగారండీ, మా బామ్మర్ది పెన్‌డ్రైవ్ పట్టికెళ్లి పాటలేసుకున్నాడండి. చోటు చాల్లేదని దీని కేక తీసేసేడండి. మీకాడ ఉంటదేమోనని," అన్నాడు లోవరాజు.

"నా దగ్గరెక్కడుంటదిరా. ఇప్పుడే చెత్తబుట్ట కూడా ఊడ్చేసేను. అద్దంలా ఉంది చూడు," అన్నాడు కొండబాబు. "ఓ పని చేద్దాం. మా సత్య చేత అరిపిద్దాం. దానికి అలవాటే."

"ఏరే గొంతు పెట్టి రెండ్రోజులు తిప్పేనండి. ఎవరూ గుమ్మం దిగలేదండి. మీ యావిడ పోయిందా అని అడిగేరండి."

పేరంటాలు పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు అని చెప్పడం కూడా సరికాదు. అనడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు.

తన గొంతే పేరంటాలు గొంతులా పెట్టి చూద్దామని సత్యవేణి బీరువా తాళం తీసి నన్ను కంప్యూటర్‌కి తగిలించింది. అంతవరకూ ఖాళీగా ఉన్న తెర మీది బుట్టలో ఒక్కసారిగా కాయితాలు కనబడ్డాయి.

"ఏవండీ, ఇందాకే ఊడ్చేనన్నారు?"

"ఊడ్చేను. మళ్లీ ఎక్కణ్ణించొచ్చిందీ దరిద్రం? జరుగు." కొండబాబు మౌస్ లాక్కున్నాడు. ఇవన్నీ శాశ్వతంగా తీసేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. బాణం గుర్తు 'అవును' మీదికి వెళ్లింది.

సత్యవేణి అతని చేతి మీద చెయ్యి వేసింది. "ఏం పారేత్తన్నారో చూసి పారెయ్యండి."

బుట్ట తెరిచింది. సంవత్సరాల చెత్తలో కింద ఎక్కడో 'పేరంటాలు అసలుది' అని ఉంది. దాన్ని తిరిగి యథాస్థానంలోకి పంపి, నొక్కింది.

"నెత్తళ్లో..."

గదిలో గాజు గ్లాసులు అదిరాయి. కేక ముగిశాక, ఇదివరకు కత్తిరించిన మాటలు కూడా వచ్చాయి. "అయిపోయిందా అమ్మగారూ? ఏవయ్యా, నిజంగా నా గొంతు అంత గట్టిగా ఉంటదా?" ఆ వెంటనే నవ్వు.

లోవరాజు గోడ వైపు తిరిగాడు. సత్యవేణి అలవాటు కొద్దీ ఆ చివరి మాటల్ని కత్తిరించబోయింది. పేరంటాలు ఆమె మణికట్టు పట్టుకుంది. తల అడ్డంగా ఊపి పెదాలు కదిపింది. లోవరాజుకే అర్థమైంది.

"ఉంచెయ్యమంటందండి."

ఆ సాయంత్రం సత్యవేణి చెత్తబుట్ట సెట్టింగులు తెరిచింది. అందులో నా పేరు విడిగా ఉండటం చూశాక, ఇన్నాళ్లూ తాను ఊడ్చింది ఈ బుట్టను కాదని కొండబాబుకు తెలిసింది. అయినా, బుట్టలో వెయ్యకుండా వెంటనే తీసేసే వరుస మీద వేలు పెట్టి, "ఇది పెట్టెయ్, పీడ పోద్ది," అన్నాడు. ఆవిడ పెట్టలేదు. నా బుట్టకు కొంత చోటు ఉంచి, తీసేసే ప్రతిసారీ ముందు అడిగేలా గుర్తు పెట్టింది. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా కొండబాబు విసుక్కుంటాడు గానీ, చదువుతాడు.

ఇప్పుడు నేను తిరిగితే టిక్కుటిక్కుమంటున్నాను. నా స్థానంలో కొత్తది వచ్చింది. నన్ను పారెయ్యడానికి మనసు రాక బీరువాలోనే ఉంచేశారు. అక్కడికి సాంబ్రాణి వాసన రాదు, వీధి మాత్రం వినబడుతుంది. పొద్దున్నే మోపెడ్ వస్తుంది. "నెత్తళ్లో..." అని పిలిచి, చివర అడుగుతుంది: "నిజంగా నా గొంతు అంత గట్టిగా ఉంటదా?"

"ఉంటది పేరంటాలూ, ఉంటది. పావుకిలో తూచు," అంటుంది ఏదో గుమ్మం.

బదులుగా తక్కెడ గొలుసుల చప్పుడు వినిపిస్తుంది.