పొయ్యి మీద పగడాలు

గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషికి కంట్లో భూతద్దం పెట్టుకుంటే చాలు, లోకంలో తనకు తెలియని రోగమే లేదనిపిస్తుంది. ఇంట్లో సముద్రపు నీళ్ల తొట్టి పెట్టి ఆరేళ్లయింది. అందులో పెంచే బతికున్న పగడాల్ని కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున చూస్తే, కొత్తగా పెట్టిన రాయి మీది పగడాలు మూతి ముడుచుకుని కూర్చున్నాయి. రాయిని బయటికి తీసి భూతద్దంలోంచి చూశాడు. పగడాల రంగే పులుముకుని, వాటినే కొరుక్కుతింటున్న పురుగులు. రాయి అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు. కొత్త రాయిని మందునీళ్లలో ముంచి గానీ తొట్టిలో పెట్టకూడదని తెలియని మనిషేమీ కాదు. స్నేహితుడిచ్చిందని మొహమాటపడి ముంచలేదు. పురుగుల దగ్గర మొహమాటమేమిటో ఆయనకే తెలియాలి.

"మందుకి పురుగులు చస్తాయి, గుడ్లు చావవు," అన్నాడు భార్యతో. "ఈ రాయి మీదివి పోతే పోయాయి, మిగతా పగడాలు దక్కుతాయి. మరిగే నీళ్లలో పడేస్తే పీడా పోతుంది."

"నా గిన్నెలు ముట్టుకోకండి. ఆ సొట్ట గిన్నె తీసుకోండి," అని ఆమె బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్లింది.

"బుజ్జీ, ఇలా రా. పురుగుల పని ఎలా పడతానో చూద్దువుగాని," అని ఎనిమిదేళ్ల కూతుర్ని పిలిచి పొయ్యి పక్కన స్టూలెక్కించాడు.

ఆవిరి లేచింది. కాసేపటికి ఆయన నోరంతా చేదెక్కింది. బుజ్జికి దగ్గు మొదలైంది, ఎంతకీ ఆగదు. పెదవులు పాలిపోయాయి. పగడాలమ్మే దుకాణదారుకి ఫోన్ చేశాడు.

"ఉడకబెట్టారా?" అని అరిచాడు అవతలి మనిషి. "ఆ రకం పగడాల్లో విషం ఉంటుంది సార్. ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందరూ బయటికి వచ్చేయండి. పాపని ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఇప్పుడే."

ఆస్పత్రిలో బుజ్జి మూతికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. "దీనికి విరుగుడు లేదు. ఊపిరి అందేలా చూస్తున్నాం. రేపటిదాకా ఏమీ చెప్పలేను," అంది డాక్టరమ్మ. "ఇంతకీ పాప పొయ్యి దగ్గరికెలా వెళ్లింది?"

భార్య ఆయన వైపు తిరిగింది.

బుజ్జి మాస్కు పక్కకి లాగింది. "నాన్న వద్దన్నారు. నేనే వెళ్లాను," అంది, ఒక్కో మాటకీ ఆయాసపడుతూ.

ఇంత బాధలోనూ ఆ పిల్ల బెంగ నాన్నకు తిట్లు పడతాయనే. ఆయన మాస్కు సరిచేశాడు.

"నేను వద్దనలేదు," అన్నాడు భార్యతో. "పిలిచిందే నేను."