మరకంటని చెంచాలు

ఎవరు ఏం తిన్నారో, ఏం తినలేదో గిన్నెలు కడిగే చేతికే తెలుస్తుంది. మధ్యాహ్నం క్లినిక్ మూశాక, పంటి డాక్టరైన మొగుడు వాడి పడేసిన పనిముట్లను సింకు దగ్గర బ్రష్షుతో రుద్దుతుంటే ఆవిడకు మళ్లీ అదే కనిపించింది. డ్రిల్లు మొనలన్నిటికీ తెల్లటి పిండి అంటుకుని ఉంది. పుచ్చు తోడే బుల్లి చెంచాలు మాత్రం పెట్టినవి పెట్టినట్టే మెరుస్తున్నాయి. పుచ్చిన పన్ను లోపల నానిన అట్టముక్కలా మెత్తగా ఉంటుంది. డ్రిల్లుతో దారి చేశాక ఆ మెత్తదాన్ని చెంచాతో తోడాలి. పొద్దుట్నుంచీ అంతమంది పిల్లలకు పుచ్చులు పూడ్చాడు కదా, మరి తోడిందేదీ?

ఇవన్నీ ఆవిడకెలా తెలుసంటారా? ఆవిడా డాక్టరే, ఆయనతో కలిసి చదివింది. పెళ్లయిన కొత్తలో అత్తగారు, "ఇంట్లో ఇద్దరు డాక్టర్లెందుకమ్మా, ఒకరు క్లినిక్ చూసుకుంటే ఇంకొకరు ఇల్లు చూసుకోవద్దూ" అంది. పిల్లలు బడికెళ్లడం మొదలయ్యాక ఆయన, "ఊరికే కూర్చుంటే ఏం తోస్తుంది, వచ్చి కాస్త సాయం చెయ్యి" అన్నాడు. ఊరికే కూర్చోవడమట! వంటా, బట్టలూ, పిల్లల చదువులూ, అత్తగారి మందులూ వాటంతటవే అయిపోతున్నట్టు. సాయమంటే ఈ సామాన్లు తోమడం, కుర్చీలో కూర్చున్న పిల్లల తల పట్టుకుని బుజ్జగించడం. నోట్లోకి తొంగిచూడబోతే, "ఇద్దరం చూస్తే పేషెంట్లు తికమకపడతారు. నీ చెయ్యి పడితే పిల్లలు ఏడుపాపేస్తారు, ఆ పని చాలు" అనేవాడు. నలుగురి ముందూ అనేవాడు కాబట్టి అది పొగడ్తే అనుకుంది, వెర్రిబాగుల్ది.

అనుమానం పెనుభూతమంటారు. ఈ మధ్య ఆయన బళ్లకు వెళ్లి పిల్లల పళ్లు ఉచితంగా చూసి వస్తున్నాడు. వెళ్లొచ్చిన వారమంతా క్లినిక్ కిటకిటలాడుతుంది. ఎవరి నోట్లో చూసినా పుచ్చులే. ఒక్క బిడ్డనైనా 'నీ పళ్లు బాగున్నాయి, వెళ్లు' అని పంపగా ఆవిడ చూడలేదు. ఒకరోజు భోజనాల దగ్గర అడగనే అడిగింది, చెంచాలు వాడట్లేదేమని. "ఇప్పుడంతా కొత్త పద్ధతి. నువ్వు వదిలేసి ఎన్నేళ్లయింది?" అన్నాడాయన. తర్వాత నవ్వి, "నా పేరు చూసి ఓర్వలేకపోతున్నావా ఏం?" అన్నాడు. అంతే, ఆవిడ తన్ను తానే అనుమానించుకోవడం మొదలుపెట్టింది. నిజంగా ఓర్వలేనితనమేనేమో. పైగా కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. కానీ ఆ పిల్లలవి ఊడిపోయే పాలపళ్లు కావే. ఆరేళ్లకొచ్చిన దవడ పళ్లు, అరవయ్యేళ్లు నమలాల్సినవి. తొలిచిన పన్ను మళ్లీ పెరగదు. తొలుస్తుంటే కదలకుండా తల పట్టుకున్నది తను.

ఆ చెంచాలు కడిగిన రోజే సాయంత్రం, క్లినిక్ మళ్లీ తెరిచాక, దర్జీ పని చేసే ఒకావిడ ఎనిమిదేళ్ల కూతుర్ని తీసుకొచ్చింది. ఆయనే బడిలో చూసి మూడు దవడ పళ్లు పుచ్చాయన్నాడట. పిల్ల కుర్చీ ఎక్కింది. ఇంతలో ఫోనొచ్చి ఆయన బయటికి వెళ్లాడు.

"చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుందా?" అని పిల్లనడిగింది ఆవిడ.

"లేదాంటీ."

"తినేటప్పుడు నొప్పంటుందా?"

"ఎప్పుడూ అనలేదమ్మా," అంది తల్లి. "సారు చెప్పేదాకా మాకు తెలియనే తెలియదు."

ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది. లైటు దగ్గరికి లాగి, గాలి కొట్టి పన్ను ఆరబెట్టి, చిన్న అద్దం పెట్టి చూసింది. గాడిలో నల్లటి గీత ఉన్న మాట నిజమే. వంపు సూది మొనను దాని వెంట తేలిగ్గా నడిపింది. గాజు మీద నడిచినట్టు జారిపోయింది. ఎక్కడా మెత్తదనం లేదు, గుంట లేదు. మూడు పళ్లూ అంతే. ఉత్త మరకలు. ఆవిడకు కోపం కన్నా ముందు భయం వేసింది, ఇన్నాళ్లూ ఎంతమంది తలలు పట్టుకుందో తలుచుకుని.

"ఏం చేస్తున్నావ్?" ఆయన గుమ్మంలో ఉన్నాడు.

"ఇవి మరకలండీ."

"మొదట్లో అలాగే కనిపిస్తుంది." దర్జీ ఆవిడ వంక తిరిగి నవ్వాడు. "మా ఆవిడకు పిల్లలంటే జాలెక్కువ లెండి." మళ్లీ ఇటు తిరిగి, "నువ్వు తల పట్టుకో," అన్నాడు.

పిల్ల కుర్చీలో వెనక్కి వాలి ఆవిడ మొహంలోకే చూస్తోంది. "నొప్పెడుతుందా ఆంటీ?"

దీనికి ఆవిడ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది, చీమ కుట్టినట్టుంటుందంతే అని. పిల్లలు నమ్మి నోరు తెరిచేవాళ్లు. ఆయన్ని చూసి కాదు, ఆవిడను చూసి తెరిచేవాళ్లు. ఇంతకాలం ఆయన తనతో చేయించుకున్న సాయం అదేనని ఇప్పుడు తెలిసొచ్చి ఒళ్లు మండిపోయింది.

"నీ పళ్లకేం కాలేదు. దిగు తల్లీ," అంది, పిల్ల మెడలో కట్టిన గుడ్డ విప్పుతూ.

దర్జీ ఆవిడకు ఏమీ పాలుపోలేదు. "సారేమో పుచ్చాయన్నారు. మీకెలా తెలుసమ్మా?"

"నేనూ పళ్ల డాక్టర్నే. నా మాట మీద నమ్మకం లేకపోతే ఇంకెక్కడైనా చూపించండి. ఇక్కడ మాత్రం తొలిపించకండి."

"ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం," అన్నాడాయన గొంతు తగ్గించి.

ఆవిడ అద్దం, సూది చేతిలోనే పట్టుకుని తలుపు తీసింది. బయట బెంచీల మీద తల్లులు కూర్చుని ఉన్నారు, పక్కన పిల్లలు. కొందరు మొన్నటివాళ్లే, మిగిలిన పళ్లు పూడ్పించుకోవడానికి వచ్చారు.

"ఇవాళ అందరి పళ్లూ నేను చూస్తాను," అంది ఆవిడ. "ఇదివరకు నేను తల పట్టుకున్న పిల్లలు ముందు రండి."