భవాని చెప్పని జాగా

అల్వాల్‌లోని ఆ సందులో అందరికంటే ముందు తెరుచుకునే తలుపు భవానిది. గోనెసంచి చంకన పెట్టుకుని రైలుకట్ట వెంబడి, మిలిటరీ గోడల పక్కన తిరిగి, ఎవరూ విత్తు వేయని కూరలు గిల్లుకొస్తుంది. గునుగు, పొన్నగంటి, గంగవాయిలి. కొంత ఇంటికి, మిగతాది రెజిమెంటల్ బజార్‌కు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆకు కనబడితే చాలు, చెయ్యి దానంతటదే వెళ్ళి కింద రెండాకులు వదిలి కొస గిల్లుతుంది. ఏడుస్తున్నా సరే, గిల్లుతుంది.

ఇంత తిరిగేది భవాని, ఇంటికొచ్చి వండేదీ భవానే. పేరు మాత్రం యామినికి.

యామిని ఆమె మరిది దయాకర్ భార్య. పెళ్ళయి ఏడాది. ఆ పిల్ల మట్టిమీద అడుగు వేస్తే, మనం మొహం కడుక్కునే లోపల ఆ అడుగులో కూర మొలుస్తుంది. కాపురానికి వచ్చిన రోజే గేటు నుంచి గడప దాకా పొన్నగంటి వరస లేచింది. అత్త బుచ్చమ్మ వంగి చూసి, "లేతగున్నది, పప్పులెయ్యుండ్రి" అంది. అంతే, ఇంక ఆ సంగతి ఎవరూ మాట్లాడలేదు. ఎదురింటి కమలాబాయి అయితే రోజూ గేటు దగ్గర కాపు కాసేది. "యామినీ, జెర మా పూలకుండీల సుత కాలు పెట్టి పో బిడ్డా."

భవానికి ఒళ్ళు మండిపోయేది. తాను మైళ్ళు నడిచి తెచ్చేది ఈ పిల్లకు వాకిట్లో నిలబడితే వస్తోంది. "యామిని కూర ఎంత కమ్మగున్నదో" అని అత్త అన్నప్పుడల్లా భవాని కంచం పక్కకు నెట్టి లేచిపోయేది.

ఒక్క తుమ్మి మాత్రం యామిని అడుగుల్లో మొలిచేది కాదు. వినాయక చవితి నాడు తుమ్మికూర వండని ఇల్లు ఆ సందులో లేదు. ఆ రోజు మాత్రం అందరూ భవాని సంచి కోసం ఎదురు చూసేవాళ్ళు. తుమ్మి ఎక్కడ దొరుకుతుందో ఆమె మొగుడు తిరుమల్‌కు కూడా చెప్పలేదు. కూర గిల్లేవాళ్ళు ఎవరూ తమ జాగా చెప్పరు.

చవితి ముందురోజు పొద్దున బుచ్చమ్మ చాయ్ తాగుతూ అంది. "భవానీ, నీకు మోకాళ్ళ తక్లీఫ్ గదా. ఈసారి తుమ్మి చిన్నకోడలు తెచ్చి వండుతది. జాగ జెర చెప్పు."

ఉన్న ఆ ఒక్కటీ పోతోంది. భవాని గ్లాసు కింద పెట్టింది.

"ఏడ దొరుకుతదక్కా?" అని యామిని అడిగింది.

"బొల్లారం దిక్కు పో. సగంల ఆగిపోయిన అపార్ట్‌మెంట్ ఉంటది, దాని ఎనక. మస్తుంటది."

అక్కడ వయ్యారిభామ కలుపు తప్ప ఏమీ ఉండదని భవానికి తెలుసు. ఆ పిల్ల ఉత్త చేతులతో వచ్చి అత్త ముందు తల వంచుకోవాలి. ఆమె కోరుకున్నది అంతే.

యామిని అప్పుడే బయలుదేరింది. పదకొండింటికి వాన పట్టుకుంది. ఒంటిగంటకు వెలిసింది. యామిని రాలేదు. ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగింది. బుచ్చమ్మ గడపలో నిలబడి, "పరేషాన్ అయితుందే, జెర చూసిరా పో" అంది. భవాని సంచి తీసుకుని బయలుదేరింది.

దారి అడగాల్సిన పని లేదు. తారురోడ్డు దిగిన దగ్గర్నుంచి యామిని అడుగులు పచ్చగా వరసకట్టి ఉన్నాయి. వాటి వెంటే నడిచింది. ప్రాణం కొట్టుకుంటున్నా వేళ్ళు ఆగలేదు, ఒక్కో అడుగూ గిల్లి సంచిలో వేసుకుంటూనే పోయింది. అపార్ట్‌మెంట్ వెనక్కి చేరేసరికి సంచి నిండింది.

సెల్లార్ కోసం తవ్వి వదిలేసిన గుంత అంచున అడుగులు ఆగిపోయాయి. అంచు మట్టి విరిగి ఉంది.

"అయ్యో, నేనే చంపిన" అంది భవాని పైకే.

"అక్కా!"

భవాని వంగి చూసింది. మూడు నిలువుల గుంత. అడుగున వాననీళ్ళు. నీళ్ళ మధ్యలో ఒక పచ్చటి గుట్ట, దానిమీద యామిని. పడ్డప్పటినుంచీ ఉన్నచోటే అడుగులు వేస్తోంది. అడుగు కింద కూర, కూర మీద బురద అడుగు, దాంట్లో మళ్ళీ కూర. అలా గుంతలో మూడో వంతుకు పైగా లేచింది. ఇంకొక మూరెడు ఉంటే చెయ్యి అందుతుంది. కానీ ఇంక అడుగులు వేసే సత్తువ యామినికి లేదు.

అంత కూర ఒక్కచోట భవాని జన్మలో చూడలేదు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు కానీ, అప్పుడు కూడా ఆమెకు కుళ్ళే పుట్టింది. గుంతలో పడ్డా దీనికే మొలవాలా! రెప్పపాటు సేపు అలాగే చూసింది. తర్వాత సంచి మూతి గట్టిగా ముడివేసి కిందికి వదిలింది.

"దాని మీద ఎక్కు!"

యామిని తన అడుగుల్లో మొలిచిన కూర మీదే ఎక్కి నిలబడింది. చెయ్యి అందింది. భవాని బోర్లా పడుకుని, మోకాళ్ళు కలుక్కుమంటున్నా వదలకుండా పైకి లాగింది.

యామిని రొప్పుతూ అంది. "ఎంత ఎతికినా తుమ్మి దొరకలేదక్కా. నాకే చూడనీకి రాలేదు గావచ్చు."

"ఈడ లేదు. నీకు అబద్ధం చెప్పిన."

"ఎందుకక్కా?"

"నీకు అన్నీ ఊకెనే వస్తయి. నాకు గదొక్కటే ఉండె."

యామిని కొంగు పిండుకుంది. తర్వాత మెల్లగా అంది. "నాది వట్టి ఆకక్కా. కమ్మగుండేది నీ చెయ్యి పడ్డంకనే. నాకు ఉప్పెంతెయ్యాల్నో సుత తెల్వదు. అత్తమ్మకు ఎన్నిసార్లు చెప్పినా ఇనదు."

భవాని లేచింది. "నడువు" అంది.

రైలు పట్టాలు దాటి, కూలిన గోదాం వెనక బంజరుకు తీసుకుపోయింది. అక్కడక్కడా తుమ్మి, తెల్లపూలతో. ఇరవై రెండేళ్ళలో ఆ జాగాలో కాలు పెట్టిన రెండో మనిషి యామిని.

"నా అడుగులల్లనే అడుగెయ్యి. లేకుంటే నీ గునుగు లేచి, ఉన్న తుమ్మిని కమ్మేస్తది."

కొంతదూరం నడిచి భవాని వెనక్కి చూసింది. తన అడుగుల్లో, యామిని పాదం పడిన ప్రతి చోటా, తుమ్మి లేస్తోంది. ఇరవై రెండేళ్ళు తాను ఒంటరిగా తొక్కినా ఈ నేల తన అడుగులో ఒక్క ఆకూ మొలిపించలేదు. మళ్ళీ అదే కుళ్ళు పుట్టింది. అది ఇప్పట్లో పోయేది కాదని ఆమెకు తెలుసు.

ముందుకు తిరిగి, కుంటుతూ వస్తున్న పిల్లకు అందేలా, తరవాతి అడుగు కాస్త దగ్గరగా వేసింది.