సున్నా అని రాసిన సీసాలు

కొట్టు తెరవగానే లోరీన్ మొదట చేసే పని అద్దాలు తుడవడం. ముందురోజు సోఫాలో కూర్చుని వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ లాగినవాళ్ళు వదిలిన ఆవిరి, పల్చటి జిడ్డులా అద్దాలకు పట్టి ఉంటుంది. మామిడి, పుదీనా, మాడిన చక్కెర కలిసిన తీపి వాసన. ఎన్నిసార్లు తలంటుకున్నా ఆ వాసన ఆమె జుట్టును వదలదు. "ఇంట్లో నీకు పనేముంది? కొట్లో అయితే నలుగురితో కబుర్లైనా చెప్పొచ్చు," అని అత్తగారు పంపి ఎనిమిదేళ్ళయింది. జీతం మాటెత్తితే భర్త డ్వేన్ నవ్వుతాడు. "మొగుడి దగ్గర జీతమేంటే? రేపు ముద్దు పెట్టినా బిల్లు రాస్తావా?" అతనితోపాటు సోఫా అంతా నవ్వుతుంది.

అద్దాలయ్యాక వెనకగదిలో వేప్‌లలో పోసే రసాలు కలపాలి. సిగరెట్లు మానాలని వచ్చినవాళ్ళకు ముందు నికోటిన్ ఎక్కువుండే పన్నెండు నంబరు రసం ఇస్తారు. తర్వాత ఆరు, తర్వాత మూడు, చివరికి నికోటిన్ అసలు లేని సున్నా. సున్నాకు దిగినవాళ్ళు కొన్నాళ్ళకు కొట్టుకే రారు. అలా మానేసినవాళ్ళు వీధిలో ఎదురైతే లోరీన్‌కు చెయ్యూపుతారు. ఈ కొట్లో ఆమె సొంతమనుకున్నది ఆ చెయ్యూపడం ఒక్కటే.

పోయిన వేసవిలో వంతెన అవతల ఇంకో వేప్ కొట్టు వచ్చింది. ఆ వారమే డ్వేన్ వెనకగదిలోకి వచ్చి, పులుసులో ఇంకాస్త ఉప్పు వెయ్యమన్నంత తేలిగ్గా చెప్పాడు. "మానేసినవాళ్ళు మళ్ళీ మన గడప తొక్కరు. సున్నా సీసాల్లో కూడా మూడు నంబరే పొయ్యి. లేబుల్ మాత్రం సున్నా అనే రాయి."

"అది మోసం కదా?"

డ్వేన్ అరిచే మనిషి కాదు. ఆమె చేతిలోని గరాటు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ గదిలో సంగతి ఈ గది దాటదు. అవునా?"

అవునంది. ఎందుకన్నానని ఆమె తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. ప్రతిసారీ ఒకటే జవాబు వచ్చేది. అతను అరవలేదు, అందుకే.

మంగళవారం మధ్యాహ్నం హేలీ వచ్చింది. హోటల్లో వడ్డించే పిల్ల, ఏడో నెల. కౌంటరుకు ఆనుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మిస్ లోరీన్, నేను సున్నాకి దిగి ఆరు వారాలైంది కదండీ. మరి నా నెత్తుట్లో నికోటిన్ ఇంకా ఉందంటోంది డాక్టరమ్మ. అబద్ధాలకోరుని చూసినట్టు చూసింది."

సోఫాలోంచి వెండెల్ దగ్గి నవ్వాడు. బొగ్గు గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ముసలాయన. "చాటుగా ఓ సిగరెట్ లాగుంటావులే పిల్లా. మాకు తెలీని వేషాలా?"

"ఒట్టు, లేదు తాతా." హేలీ అతని వైపు తిరిగింది. "మా అత్త కోర్టుకెళ్తానంటోంది. వ్యసనం మానలేనిదానికి బిడ్డనివ్వరట. పుట్టగానే తను తీసుకుపోతుందట. మా ఆయన ఆవిడ పక్కన కూర్చుని తలూపుతున్నాడు."

డ్వేన్ వచ్చి లోరీన్ భుజం మీద చెయ్యి వేశాడు. బరువుగా వేశాడు. "ఒంట్లోంచి పోవడానికి టైం పడుతుంది తల్లీ. మా సున్నా సున్నాయే. మా ఆవిడ చేత్తో కలిపింది. ఏమే?"

అందరూ ఆమె వైపు చూశారు. తను చెయ్యని తప్పును ఒప్పుకోవడం లోరీన్‌కు అలవాటే. కూర చప్పగా ఉంటే తప్పు తనది, గిరాకీ తగ్గితే తనది. కానీ ఇక్కడ తను చేసిన తప్పును ఈ పిల్ల మోస్తోంది. రేపు ఈ పిల్ల చేతుల్లోంచి బిడ్డను లాక్కునేటప్పుడు చూపించే రక్తపరీక్ష కాగితంలో ఉండేది, తను గరాటుతో పోసిన ఆ కాస్త రసమే.

"నువ్వు అబద్ధం చెప్పలేదు హేలీ," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీ సీసాలో ఉన్నది మూడు. సున్నా అని రాసి, మూడు పోసింది నేను."

ఎవరూ నవ్వలేదు. భుజం మీది చెయ్యి మెల్లిగా లేచింది. డ్వేన్ తలుపు దగ్గరికి నడిచి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇవాళ్టికి మూసేస్తున్నాం. మా ఆవిడకి ఒంట్లో బాలేదు," అన్నాడు మెత్తగా. సోఫాలోవాళ్ళు లేచి కోట్లు తొడుక్కున్నారు. వెండెల్ లోరీన్‌ను చూడబోయి, నేల చూపులు చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"నువ్వు కూడా పో తల్లీ. ఇది మొగుడూ పెళ్ళాల గొడవ."

హేలీ కదల్లేదు. డ్వేన్ చిరునవ్వుతోనే తలుపు మూసి, గడియ మీద చెయ్యి వేశాడు.

లోరీన్ కౌంటరు చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, హేలీ మోచెయ్యి పట్టుకుంది.

"ఈ మాట డాక్టరమ్మకి నేనే చెప్పాలి," అంది డ్వేన్‌తో, తలుపు వైపు నడుస్తూ. "పక్కకి జరుగు."

డ్వేన్ జరగలేదు. ఆమె ఆగలేదు.