సీటు కింద బోల్టు

"వద్దని ఎవరన్నారు? సైకిలుంది, తొక్కుకుంటూ వెళ్ళు" అన్నాడు భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. అలా అని స్నేహితుడి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆమె అంట్లు తోముతూ ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసింది. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమెకు పని దొరికింది. తెల్లవారకముందే వెళ్ళాలి, ఆ వేళకు బస్సుండదు. రేపు రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటామని అక్కడి సూపర్వైజరమ్మ ముందే చెప్పింది. ఇంట్లో సైకిలు ఉన్నమాట నిజమే. కాకపోతే దాని సీటు భర్త కాళ్ళ పొడుగుకు సరిపడా ఉంది. ఆమె ఎక్కితే మునివేళ్ళు కూడా పెడలుకు అందవు. సీటు దించాలంటే దాని కింది బోల్టు వదులు చేయాలి. ఆ బోల్టుకున్న నట్టేమో మూలలన్నీ అరిగి గోళీకాయలా నున్నబడింది. పానా పెడితే జారిపోతుంది తప్ప పట్టదు. వెళ్ళమన్నట్టూ ఉంది, వెళ్ళలేనట్టూ ఉంది. అతని అనుమతులన్నీ ఇంచుమించు ఇంతే. "చదువుకో, కాదన్నానా? పనంతా అయ్యాక చదువుకో." "మీ అమ్మను చూసి రా, సాయంత్రం వంట వేళకి వచ్చెయ్." ఏనాడూ కాదన్న పాపాన పోలేదు.

నట్టు అలా అరిగిన రోజు ఆమెకు గుర్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో సీటు కాస్త దించి పెట్టమని అడిగింది. అతను సైకిలును పెరట్లోకి తీసుకెళ్ళి పెద్ద పానాతో కుస్తీ పట్టాడు. సుత్తి చప్పుడు కూడా వినిపించింది. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి, "వానలో వదిలేశావుగా, తుప్పు పట్టి చచ్చింది" అన్నాడు. ఆమె నొచ్చుకుని, మంచినీళ్ళిచ్చి, పక్కన నిలబడి విసనకర్రతో విసిరింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో పాలు పొంగినా, గొడుగు పోయినా "సైకిలు సంగతి తెలిసిందేగా" అనడం అలవాటైంది. చుట్టాల ముందు కూడా ఆ ముచ్చట నవ్వులకు పనికొచ్చింది. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు.

అంట్లు బోర్లించి, చేతులు తుడుచుకుని, కత్తులు నూరే ఆకురాయి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. నట్టుకు రెండు పక్కలా అరగదీసి చదును చేస్తే చిన్న పానాకు పట్టు దొరుకుతుందని ఆమె లెక్క. మొదలుపెట్టగానే స్టాండు మీద సైకిలు ఊగిపోయింది.

"ఏమిటే ఆ గీకుడు? పళ్ళు జివ్వుమంటున్నాయి" అంటూ అత్తగారు వచ్చింది.

"సీటు దించుతున్నాను అత్తయ్యా. కదిలిపోతోంది, కాస్త పట్టుకుంటారా?"

"నా నడుమా, పట్టుకోవడమా!" అని గొణుక్కుంటూనే ఆవిడ వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చుంది. "ఊఁ, కానీ. కింద పడేశావంటే నీ సంగతి చెప్తా."

సైకిలు ఇక కదల్లేదు. ఆమె సీటు కిందికి తల దూర్చి, కిరసనాయిలు గుడ్డతో నట్టు చుట్టూ తుడిచింది. జిడ్డూ దుమ్మూ కలిసి కట్టిన పెచ్చు ఊడి వచ్చింది. లోపల తుప్పు లేదు. నట్టు దాటి బయటికి వచ్చిన బోల్టు కొస మాత్రం సుత్తి దెబ్బలకు పుట్టగొడుగులా పరుచుకుని ఉంది. దొంగలు సీటు ఎత్తుకుపోకుండా కొందరు అలా కొడతారు. ఇక ఆ నట్టు ఎంత తిప్పినా బయటికి రాదు.

ఆమె చెయ్యి ఆగింది. పైనుంచి అత్తగారు వంగి చూసింది.

"వాడే కొట్టాడు. కిటికీలోంచి చూశాను" అంది ఆవిడ.

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే బాగు చేయించుకుని ఎక్కడికో వెళ్తావు. పొయ్యి దగ్గర నేను నిలబడాలి. అప్పటికే నా వంతు అయిపోయిందనుకున్నా." ఆవిడ చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా దగ్గరికి లాక్కుంది. "అలా చూడకు. గీకు."

ఆమె గీకింది. ముందు ఆ పుట్టగొడుగును మొదలంటా అరగదీసింది. తర్వాత నట్టుకు రెండు పక్కలా చదును చేసి, మిషను నూనె చుక్క వేసి, చిన్న పానా బిగించి బలమంతా పెట్టింది. నట్టు కీచుమని, వదులై, తిరిగింది. వీధి చివర దుకాణంలో కొత్త బోల్టు కొనుక్కొచ్చి, సీటు తన నడుముకు సరిగా దించి బిగించుకుంది. గేటు దాకా తొక్కి వెనక్కి వచ్చింది.

సాయంత్రం భర్త వచ్చి సైకిలు ముందు ఆగాడు. "ఓహో! మెకానిక్కువి కూడా అయ్యావన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. బోల్టు ఎలా వచ్చిందని మాత్రం అడగలేదు.

అడగాల్సిన ప్రశ్న ఆమె దగ్గర ఉంది. అడిగితే అతను చెప్పేదంతా వినాలి, విన్నాక అలిగితే సముదాయించాలి. అదీ ఒక పనే. రేపు పెందలాడే లేవాలి. ఆమె కంచం పెట్టి, వడ్డించి, తనూ పెట్టుకుని అతనికి ఎదురుగా కూర్చుంది.

"అయితే రేపట్నుంచి పొద్దున్నే టీ, టిఫినూ?" అన్నాడు అతను, అన్నం కలుపుకుంటూ.

"స్టవ్వు నాబుకి ఎవరూ సుత్తి దెబ్బలు వెయ్యలేదండీ" అంది ఆమె. "ఎవరు తిప్పినా తిరుగుతుంది."